కారు కదలాలి, కొండ నిలవాలి: మోషన్ ఫొటోకి ఏ దారి పట్టాలి?

పోయిన డిసెంబరులో మా పక్కవీధి పిల్లోడు కొత్త కారుకి పూజ చేయించుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. బానెట్ మీద పసుపు కుంకుమ ఇంకా ఆరలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. అందులో కారు గీసినట్టు స్పష్టంగా ఉంది, చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, రోడ్డు మాత్రం పాలధార మాదిరి సాగిపోయింది.

"అన్నా, ఇది నూరు మీద పోతా ఉంటే తీసినారా?"

"లేదు నాయనా. కారుకి రిగ్గని ఒక పొడుగు రాడ్డు కట్టి, దాని చివర కెమెరా బిగించి, ఇంజిన్ ఆపేసి, ఇద్దరు వెనకనించి తోసినారు."

నమ్మలేదు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. ముహూర్తాలు లేని నెలల్లో పెళ్లి కెమెరా పట్టుకుని కార్ల వెంట పడడం నాకు కొన్నేళ్లుగా ఉన్న పిచ్చి. ఆ పిచ్చి తెలిసే వాడు నా దగ్గరికొచ్చాడు. "అయితే ఆ రిగ్గేదో కొనేద్దామన్నా" అన్నాడు. కొనమనలేదు, వద్దనలేదు. "ఫొటోలో కారు వెనక ఏం కనబడాల?" అని అడిగాను. వాడు తల తిప్పి శేషాచలం వైపు చూశాడు. "ఇంకేముంటాదన్నా, ఏడుకొండలే" అన్నాడు.

కారు వేగంగా పోతున్నట్టు కనబడే ఇలాంటి మోషన్ ఫొటోకి ఏ పద్ధతి ఎంచుకోవాలో తేల్చేది ఈ ప్రశ్నే. చాలామంది కెమెరా ఏది, లెన్స్ ఏది, ఖర్చెంత అని మొదలుపెడతారు. వెనకున్న దృశ్యం నిలవాలా, చెరిగిపోవాలా అన్నది ముందు తేలితే ఖర్చు లెక్క దానంతటదే తేలుతుంది.

వేగం కాదు, జరిగిన దూరం

ముందు ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. ఫొటోలో వేగం కనబడడానికీ బండి వేగానికీ నేరుగా సంబంధం లేదు. షట్టర్, అంటే కెమెరాలోకి వెలుతురుని వదిలే తెర, తెరిచి ఉన్నంతసేపట్లో బండి ఎంత దూరం జరిగిందన్నదే లెక్క.

బలెనో, ఐ20 లాంటి బండ్ల పైమోడళ్లలో వచ్చే 195/55 ఆర్16 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. అంటే ఒక చుట్టుకి బండి అంత దూరం పోతుంది. అల్లాయ్ చక్రానికి ఐదు ఆకులుంటే, ఒక ఆకు పక్క ఆకు స్థానంలోకి రావడానికి చక్రం 72 డిగ్రీలు తిరగాలి. అందుకు బండి సుమారు 39 సెంటీమీటర్లు జరిగితే చాలు, చక్రం పూర్తిగా తిరుగుతున్నట్టు కనబడుతుంది. ఆ 39 సెంటీమీటర్లను రెండు రకాలుగా సాధించవచ్చు. 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారుని 1/30 సెకనులో తీస్తే 37 సెంటీమీటర్లు వస్తుంది. గంటకి ఒక కిలోమీటరు వేగంతో, అంటే ఊరేగింపు నడక కంటే నెమ్మదిగా తోస్తూ ఒకటిన్నర సెకను షట్టర్ తెరిచినా దాదాపు అంతే వస్తుంది. చక్రానికి ఈ రెండిటి మధ్య తేడా తెలియదు. రిగ్ ఫొటో రహస్యమంతా ఇదే.

తేడా తెలిసేది వెనకున్న దృశ్యానికి.

రోడ్డు పక్కన నిలబడి కారు పోయే దిక్కుకి కెమెరా తిప్పుతూ తీసేది పానింగ్. కెమెరా తిరుగుతుంది కాబట్టి పది మీటర్ల దూరంలోని చెట్టూ నాలుగు కిలోమీటర్ల దూరంలోని కొండా రెండూ చారలైపోతాయి. రిగ్‌లో కెమెరా తిరగదు, కారుతో పాటు పక్కకి జరుగుతుంది. బండి మీటరు జరిగిందనుకుందాం. 24 మి.మీ. లెన్స్‌తో మూడు మీటర్ల దగ్గరున్న రోడ్డు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (36 మి.మీ. వెడల్పున్న, ఫొటో పడే పలక) మీద 8 మి.మీ. పొడవున, అంటే ఫ్రేములో దాదాపు పావువంతు మేర సాగుతుంది. పది మీటర్ల దూరంలోని చెట్టు 2.4 మి.మీ. సాగుతుంది. నాలుగు కిలోమీటర్ల దూరంలోని కొండ జరిగేది 0.006 మి.మీ. మాత్రమే. అది దాదాపు ఒక పిక్సెల్. కొండ కదలదన్నమాట.

ఏడుకొండలు ఏడుకొండల్లాగే కనబడాలంటే పానింగ్ పనికిరాదు. వెనక ఫ్లెక్సీ బ్యానర్లు, టీ బంకు, కరెంటు స్తంభాలు ఉండి అవన్నీ మాయం కావాలంటే పానింగ్‌ని మించింది లేదు. తిరుపతి రోడ్లలో మామూలుగా ఉండేది ఈ రెండో పరిస్థితే. అందుకే చాలామందికి నా సలహా పానింగ్ వైపే మొగ్గుతుంది.

పానింగ్: పైసా ఖర్చు లేదు, ఓపిక మాత్రం కావాలి

పెళ్లికి కొన్న ఏ కెమెరా అయినా సరే, దాంతో వచ్చిన 18-55 లెన్స్ అయినా సరే. షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ సమయం మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) 1/125తో మొదలుపెట్టి చేయి కుదిరేకొద్దీ 1/60కి, తరవాత 1/30కి దిగండి. 1/125లో తీస్తే కారు పార్కింగ్‌లో ఉన్నట్టే ఉంటుంది. 1/30లో తీస్తే ఫొటో బాగా వస్తుంది గానీ, పాతిక తీస్తే ఒకటి నిలుస్తుంది.

లెన్స్‌లో అదురు తగ్గించే స్టెబిలైజర్ ఉంటే పానింగ్ మోడ్‌కి మార్చండి. అది పైకీ కిందికీ వచ్చే అదురును మాత్రమే సరిచేసి, పక్కకి తిరిగే కదలికను వదిలేస్తుంది. పాదాలు ఫొటో తీయబోయే చోటు వైపు నాటుకుని, నడుము పైభాగాన్ని మాత్రం తిప్పాలి. క్లిక్ అయిన వెంటనే ఆగకూడదు, కారుతో పాటు ఇంకాస్త తిరగాలి. కారు బాగా దగ్గరగా ఉంటే ముందు డోరు స్పష్టంగా వచ్చి, వెనక బంపరు చెదిరిపోతుంది. కారులో ఒక్కో భాగం కెమెరా ముందు ఒక్కో కోణపు వేగంతో జరుగుతుంది కాబట్టి ఇలా అవుతుంది. కాస్త వెనక్కి జరిగి, పొడుగు లెన్స్ ఉంటే 85 మి.మీ. పైన జూమ్ చేస్తే ఈ బాధ తగ్గుతుంది.

మొదటి నెల ఇది తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని మా పిల్లోడికి చెప్పాను. కొత్తవాళ్లందరికీ చెప్పేదీ అదే. 1/30కీ 1/60కీ తేడా చేతికి తెలియకుండా రిగ్ కొంటే, రిగ్‌తో వచ్చిన ఫొటో ఎందుకు బాగుందో, ఎందుకు బాగాలేదో అర్థం కాదు.

కారు లోపలి నుంచి: ఎవరూ పట్టించుకోని దారి

రిగ్ అనగానే అందరూ కారు బయట పొడుగు రాడ్డునే ఊహించుకుంటారు. వెనక సీట్లో ట్రైపాడ్ నిలిపి, సీటు బెల్టుతో బిగించి, 16 లేదా 18 మి.మీ.లో డ్యాష్‌బోర్డూ ముందు అద్దమూ కనబడేలా పెడితే అదీ రిగ్గే. కెమెరా కారుతో కలిసి కదులుతుంది, కారు లోపల స్పష్టంగా ఉంటుంది, బయటి ప్రపంచం పారుతుంది. ఫొటోలోంచి చెరపాల్సిన రాడ్డు లేదు, గాలి ఒత్తిడితో రేకుకి అంటుకునే రబ్బరు కప్పు ఊడే భయం లేదు, పెయింటు భయం లేదు.

ఇది రాత్రి పని. 2023లో శ్రీనివాస సేతు పేరుతో తెరిచిన మా తిరుపతి ఫ్లైఓవర్ మీద వీధిదీపాలు వరసగా ఉంటాయి. మామూలు ట్రాఫిక్‌తో పాటు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ రెండు సెకన్లు షట్టర్ తెరిస్తే బండి 16 మీటర్ల పైన జరుగుతుంది. దీపాలన్నీ అద్దం మధ్యలో ఒక బిందువు నుంచి విచ్చుకున్న గీతలవుతాయి. బ్రహ్మోత్సవాలప్పుడు ఊరంతా సీరియల్ లైట్లు కడతారు కదా, ఆ తొమ్మిది రోజులూ ఇలాంటి ఫొటోలకి పండగే.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, స్టెబిలైజర్ ఆపేయాలి. ట్రైపాడ్ మీద ఎందుకు ఆపాలని అడుగుతారు. బండి మలుపు తిరిగినా, గుంతలో పడినా ఆ కదలిక కెమెరాకి తెలుస్తుంది. దాన్ని సరిచేయబోయి లెన్స్ జరుగుతుంది, దాంతో కదలని డ్యాష్‌బోర్డు చెదిరిపోతుంది. నేను రెండు రాత్రుల ఫొటోలు పారేసుకున్నాక నేర్చుకున్న పాఠమిది. నడిపేవాళ్లు వేరు, తీసేవాళ్లు వేరు ఉండాలి. డ్రైవరు మిమ్మల్ని, మీ స్క్రీన్‌ని అసలు చూడకూడదు. స్క్రీన్ వెలుతురు ముందు అద్దంలో పడకుండా నల్లగుడ్డ కప్పితే డ్రైవరుకీ మంచిది, ఫొటోకీ మంచిది.

బయటి రిగ్: రాడ్డు ఒక ఏతం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బయటి రిగ్ అంటే రెండు మూడు సక్షన్ కప్పులు, వాటికి క్లాంపులు, మూడు నాలుగు మీటర్ల అల్యూమినియం లేదా కార్బన్ రాడ్డు, చివర ఎటు కావాలంటే అటు తిప్పి బిగించే బాల్‌హెడ్ మీద కెమెరా. కారూ కెమెరా ఒకే వస్తువైపోతాయి. అందుకే కారు అంచు నుంచి అంచు దాకా స్పష్టంగా వస్తుంది. పానింగ్‌లో ఎంత తిప్పలు పడినా ఇది రాదు.

కప్పు పట్టు గురించి కొత్తవాళ్లకి భయం జాస్తి, రాడ్డు గురించి భయం తక్కువ. నిజానికి తిరగేసి ఉండాలి. 15 సెంటీమీటర్ల కప్పు మీద గాలి ఒత్తిడి కాగితం మీద లెక్కకి 170 కిలోల పైమాటే. రాడ్డు సంగతి అట్ల కాదు. అది ఏతం లాంటిది. రెండు కప్పుల మధ్య అర మీటరు ఎడం ఉండి, ముందు కప్పు నుంచి మూడు మీటర్ల బయట కిలో బరువు కెమెరా వేలాడుతుంటే, వెనక కప్పుని 6 కిలోల బలం పైకి పీకుతుంది. రాడ్డు సొంత బరువు దీనికి అదనం. అదే ఎడం మీటరుకి పెంచితే పీకే బలం 3 కిలోలకి తగ్గుతుంది. అందుకని ఖరీదైన కప్పు కొనేముందు ఉన్న కప్పుల్ని దూరంగా పెట్టండి. కెమెరాని తేలిక చేయండి. ఇక్కడ 70-200 లాంటి బరువైన లెన్సుకి పని లేదు, చిన్న మిర్రర్‌లెస్ బాడీ, చిన్న వైడ్ లెన్సు చాలు.

చిత్తూరు గ్రానైటుకి పేరున్న జిల్లా. గ్రానైటు, అద్దాల షాపుల్లో పలకలు ఎత్తడానికి వాడే సక్షన్ పిడులు చూసే ఉంటారు. వాటితో రిగ్ కట్టొచ్చా? కట్టొచ్చు, నేనూ కట్టాను. కానీ లివరు నొక్కితే పట్టే చవక రకంలో గాలి లోపలికి దూరినా బయటికి తెలియదు. పంపు రకం కప్పుల్లో పట్టు తగ్గగానే పంపు కడ్డీ మీద ఎర్రగీత బయటపడుతుంది. ఆ గీత కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు. రెండో రకం దొరక్కపోతే ప్రతి పది నిమిషాలకీ కప్పులన్నీ ఊడదీసి మళ్లీ బిగించండి. కెమెరాకి వేరే తాడు కట్టి కారు లోపలికి తీసుకుని, డోరు మూసేయండి. కప్పు ఊడినా కెమెరా నేలకి తగలకూడదు.

కప్పు ఎక్కడ అంటించాలన్నది ఇంకో కథ. ఒకసారి తెలిసినాయన సెకండ్‌హ్యాండ్ సెడాన్ తెచ్చాడు. కంపెనీ పెయింటేనని అమ్మినవాళ్లు చెప్పారట. ముప్పావుగంట తరవాత బానెట్ మీది కప్పు తీస్తే దాంతో పాటు పళ్లెమంత పెయింటు చెక్క లేచొచ్చింది. అడుగున పుట్టీ. ఆయన నన్నేమీ అనలేదు, ఆ మౌనమే బాధ. ఇప్పుడైతే మళ్లీ పెయింటేసిన ప్యానెల్ అని అనుమానమొస్తే అక్కడ కప్పు పెట్టను. మ్యాట్ రాపింగ్ మీదా, సన్‌రూఫ్ అద్దం మీదా పెట్టను. రూఫ్ మధ్యలో రేకు పలుచగా ఉంటుంది, నొక్కితే లోపలికి పోతుంది. అంచులకి దగ్గరగా పెడితే కింద బలం ఉంటుంది. మే నెల ఎండలో నల్లకారు బానెట్ మీద చెయ్యే పెట్టలేం, అట్లాంటప్పుడు రబ్బరు కప్పుని నమ్ముకోవద్దు. దుమ్ము ఒక్క రేణువు కూడా లేకుండా తడిగుడ్డతో తుడిచాకే అంటించాలి.

ఇంకో పద్ధతి ఉంది. రాడ్డుని పైన కాకుండా కారు అడుగున బిగించడం. బిగించడానికి కష్టం, కానీ చెరపడానికి సుఖం. పైనుంచి వచ్చే రాడ్డు బానెట్‌కీ డోరుకీ అడ్డం పడుతుంది, దాని ప్రతిబింబం పెయింటులో మెరుస్తుంది. కిందినుంచి వచ్చేది సాగిపోయిన రోడ్డుకి మాత్రమే అడ్డం పడుతుంది. సాగిన రోడ్డుని చారల దిక్కునే కాపీ చేసి అతికిస్తే ఎవరూ కనిపెట్టలేరు. పైనుంచే బిగిస్తే మాత్రం, రిగ్ విప్పేశాక కెమెరాని ట్రైపాడ్ మీద అదే చోట, అదే ఎత్తున పెట్టి రాడ్డు లేని ఫొటో ఒకటి తీసుకోండి. రాడ్డు మూసిన కారు భాగాలు దాంట్లోనుంచి తెచ్చుకోవచ్చు. ఇది మర్చిపోయి ఇంటికెళ్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

తోసే విషయం. ఇంజిన్ ఆపేస్తే అదురు ఉండదు, కానీ తాళం మాత్రం ఆన్‌లోనే ఉండాలి. లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు నొక్కాక బ్రేకు కూడా గట్టిపడుతుంది. అందుకని స్టీరింగ్ దగ్గర నడపడం బాగా వచ్చినవాళ్లే కూర్చోవాలి, చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద ఉండాలి. వాలు రోడ్డయితే తోసేవాళ్ల అవసరం తప్పుతుంది గానీ గుండె దడ పెరుగుతుంది, నేను చదునుకే ఓటేస్తాను. తోసేవాళ్లు కెమెరాకి కనబడని పక్కన వంగి తోయాలి. బండి కదిలిన మొదటి క్షణాల్లో రాడ్డు ఊగుతుంది. రెండు మూడు సెకన్లు ఆగి, ఊపు సర్దుకున్నాక రిమోట్ నొక్కాలి. ఇట్ల ఇరవై ముప్పై తీస్తే నాలుగైదు నికార్సుగా వస్తాయి. ఎలక్ట్రిక్ కారైతే ఇంజిన్ అదురు గొడవే లేదు, మెల్లగా తనే పాకుతుంది, తోసేవాళ్లకి టిఫిన్ ఖర్చు మిగులుతుంది.

రోడ్డు కొత్త తారురోడ్డయి ఉండాలి. కాలనీల సిమెంటు రోడ్లు చూడడానికి నున్నగా ఉంటాయి గానీ, పలకకీ పలకకీ మధ్య అతుకు తగిలిన ప్రతిసారీ రాడ్డు చివర కెమెరా ఎగిరిపడుతుంది.

వెలుతురు లెక్క

పట్టపగలు ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుని పట్టే తీరు) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం కొలత) 11 పెడితే షట్టర్ 1/200 దగ్గర ఉంటుంది. దాన్ని సెకన్లకి సాగదీయాలంటే వెలుతురుని వెయ్యోవంతుకి తగ్గించే ఎన్డీ 1000 ఫిల్టర్ కావాలి, అప్పుడు 5 సెకన్లు వస్తుంది. ఫిల్టర్ కొనాలా? రిగ్‌కి మాత్రమే అయితే తొందరపడొద్దు. పగలు ఎండలో రాడ్డు నీడ కారు మీదో రోడ్డు మీదో పడుతుంది, ఆ నీడ చెరపడం రాడ్డు చెరపడం కంటే కష్టం. పొద్దు దిగాక నీడే ఉండదు. అప్పుడు ఎఫ్ 8లో పోలరైజర్ బిగిస్తే ఏ ఎన్డీ లేకుండానే ఒక సెకను, చీకటి పడేకొద్దీ రెండు, నాలుగు సెకన్లు వస్తాయి. డబ్బు పెట్టాలంటే ముందు పోలరైజర్ మీద పెట్టండి. బానెట్ మీదా అద్దాల మీదా మెరుపుని కోసేది అదే, ఆ పని కంప్యూటర్ చేయలేదు.

చిక్కల్లా మన దగ్గర సంధ్య వెలుతురు ఇరవై, ఇరవై రెండు నిమిషాల కంటే ఉండకపోవడం. రిగ్ బిగించడానికి కొత్తవాళ్లకి గంట పడుతుంది. అందుకని పొద్దుండగానే బిగించేసి, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, ఒకసారి తోసి చూసుకుని కూర్చోవాలి. మా మొదటి సాయంత్రం నేను ఐదున్నరకి మొదలుపెట్టాను, బాల్‌హెడ్ బిగించేసరికి కొండ మీద లైట్లు వెలిగిపోయాయి.

కొండ విషయంలో ఇంకొకటి. అది ఊరికి ఉత్తరాన ఉంది, మనకి కనబడే రాతిముఖం దక్షిణానికి తిరిగి ఉంటుంది. కార్తీకం నుంచి మాఘం దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఆ రాళ్ల మీద రోజంతా వెలుతురు పడుతుంది, మడతలన్నీ తేరుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, కొండ చప్పగా ఉంటుంది. ఏడుకొండల ఫొటో చలికాలానికి పెట్టుకోండి.

కారు నుంచి కారుని తీయడం

ఫలితం అద్భుతంగా ఉంటుంది. పక్కపక్కన 40 వేగంతో పోతూ 1/30లో తీస్తే రోడ్డు సాగుతుంది, దూరపు కొండ నిలుస్తుంది, చెరపాల్సిన రాడ్డు లేదు. తక్కువ ఖర్చుతో రిగ్‌కి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. అయినా కొత్తవాళ్లకి నేను వద్దంటాను.

ఎందుకంటే ఇక్కడ సామాను కాదు, రెండు స్టీరింగులూ ఒక రోడ్డూ పణం. చిత్తూరు హైవే మీదో, నాయుడుపేట రోడ్డు మీదో రెండు కార్లు నెమ్మదిగా జంటగా పోతుంటే వెనకొచ్చే లారీకి అదొక గోడ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలుకి కూడా అవకాశముంది. డిక్కీ తెరిచి కూర్చుని తీసేవాళ్లని వీడియోల్లో చూసి ఉంటారు. వాళ్లు రోడ్డు మూయించుకుని తీస్తారు. మీకు మూసిన రోడ్డు, ఒకరి నడక ఇంకొకరికి తెలిసిన ఇద్దరు డ్రైవర్లు ఉంటే, వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, కెమెరా పట్టీ మెడలో వేసుకుని కిటికీ లోపలి నుంచే తీయండి. లేకపోతే ఈ దారి దాటేయండి.

సాఫ్ట్‌వేర్‌తో పుట్టించడం

ఆగి ఉన్న కారు తీసి, ఫొటోషాప్‌లో చక్రాలకి స్పిన్ బ్లర్, రోడ్డుకి పాత్ బ్లర్ ఇవ్వొచ్చు. 2014 నుంచి ఆ రెండూ దాంట్లో ఉన్నాయి. షోరూము వాట్సాప్ పోస్టరుకి సరిపోతుంది. పరీక్షగా చూసేవాళ్లు మాత్రం డోరు మీది ప్రతిబింబం చూసి పట్టేస్తారు. రోడ్డు పారుతున్నా పెయింటులో చెట్టు కదలకుండా నిలబడి ఉంటుంది. నిజం రిగ్‌లో ఆ చెట్టు కూడా సాగుతుంది, కన్ను నమ్మేది అక్కడే. అట్లని సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మానొద్దు. రాడ్డు చెరపడం రానివాళ్లకి రిగ్ ఉండీ లేనట్టే. నిజానికి రిగ్ కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఆగి ఉన్న కారు బానెట్ మీద ఒక పైపు అడ్డంగా పెట్టి ఫొటో తీయండి, ఇంటికెళ్లి ఆ పైపుని మాయం చేయండి. రెండు గంటల్లో చేయగలిగితే రిగ్ గురించి ఆలోచించండి.

ఎక్కడ?

తిరుమల ఘాట్ రోడ్ల మీద ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. అవి యాత్రికుల దారులు, అడవి మధ్య దారులు, బండి ఆపి వేషాలేసే చోట్లు కావు. కొండ మీద డ్రోన్‌కీ నిషేధం ఉంది. భాకరాపేట ఘాట్ మలుపులు ఫొటోలో బాగుంటాయి, కానీ రాడ్డు కట్టిన కారుకి అక్కడ పనిలేదు.

మన ఊరికి దేవుడిచ్చిన వరం వేరే ఉంది, అవే రియల్ ఎస్టేట్ వెంచర్లు. రేణిగుంట వైపు, కరకంబాడి వైపు, చంద్రగిరి వైపు, ఎటు పోయినా నల్లటి కొత్త తారురోడ్డు వేసి, రాళ్లు నాటి, ఇళ్లు మాత్రం లేని లేఅవుట్లు. రోడ్డు మీ కోసమే వేసినట్టుంటుంది. ఆఫీసులో ఒక మాట అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ల ఆర్చి కూడా ఫొటోలో పడేలా తీసిస్తామంటే టీ కూడా పోస్తారు. వెనక కొండ, పక్కన మూడు నాలుగు మీటర్ల దూరంలో రంగులేసిన హద్దురాళ్లు ఉన్న చోటు వెతకండి. రాళ్లు చారలవుతాయి, కొండ నిలుస్తుంది. చిత్తూరు వైపు ఉంటే మామిడితోటల మధ్య సొంత దారులు ఇంకా బాగుంటాయి. చెట్లు దగ్గరగా, వరసగా ఉంటాయి కాబట్టి మీటరు తోసినా వేగం కనబడుతుంది. కాయలు కోసే రోజుల్లో మాత్రం వద్దు, ట్రాక్టర్లు తిరుగుతుంటాయి.

కొనాలా, అద్దెకా?

రిగ్ మొత్తం విదేశీ సామానుతో కడితే పదుల వేల రూపాయల్లోకి పోతుంది. ఏడాదికి నాలుగుసార్లు తీసేవాళ్లకి అది దండగ. మద్రాసు మనకి మూడు గంటల దారి, సినిమా సామాను అద్దెకిచ్చే ఊరు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక శని ఆదివారానికి కప్పులూ క్లాంపులూ తెచ్చుకుంటే, కొనాలో వద్దో ఆ రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. సొంతంగా కొనాల్సింది పోలరైజరూ రిమోటూ, అంతే. కెమెరా బాడీ మార్చాల్సిన పని అసలు లేదు.

మా పిల్లోడు జనవరి అంతా పానింగ్ చేశాడు. ఫిబ్రవరిలో రెండు రాత్రులు ఆ ఫ్లైఓవర్ మీద వెనక సీటు ట్రైపాడు. మాఘమాసం పోకముందే అద్దె కప్పులు తెప్పించి, రేణిగుంట వైపు ఒక వెంచర్లో నలుగురం చేరాం. పొద్దు దిగుతుండగా ఇద్దరు తోస్తుంటే, గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి చాలాసేపు చూశాడు.

"ఏమబ్బా, బండి చెడిపోయిందా? ఆ కట్టెందుకు కట్టినారు?"

"ఫొటోకి తాతా. స్పీడుగా పోతున్నట్టు కనబడాలని."

ఆయన తోస్తున్నవాళ్లని, కారుని ఒకసారి మార్చి మార్చి చూశాడు. తలపాగా సర్దుకున్నాడు.

"పెట్రోలు పోసి తోలితే పోదా?" అని అడిగి గొర్రెల వెనక వెళ్లిపోయాడు. తోసేవాళ్లు నవ్వు ఆపుకోలేక బండి వదిలేశారు. ఆ టేకు పోయింది. ఇంకా పదకొండు నిమిషాల వెలుతురు మిగిలుంది.